మఫిన్‌కి మొరగడం నేర్పిందెవరు

గీతికా, పక్కకి రా తల్లీ. ఈ చీటీ మీ తాతయ్యగారి ఎదుట చదవకు.

నేను పాలకొల్లు అక్కగారింటికి వెళ్తున్నాను. చేపల పులుసు వేడి చేసుకుని తిను. అంతకంటే ముందు, నువ్వు కొన్న ఆ టిక్కుమనే క్లిక్కర్ తాతయ్యగారి జేబులోంచి తీసేసుకో. సాయంత్రం వ్యాన్ వస్తుంది. మన మఫిన్‌ని మొగల్తూరు రొయ్యల చెరువు కాపలాకి పంపేస్తారట. "ఎవరొచ్చినా మొరుగుతోంది, దీనికి బుద్ధి రాదు" అంటున్నారు.

బుద్ధి వచ్చే మొరుగుతోందమ్మా! మంచి పని చేస్తే క్లిక్కర్ నొక్కి తిండి పెట్టమని చెప్పి నువ్వు కాలేజీకి వెళ్లిపోయావు. ఆయనేమో అది చుట్టాల్ని చూసి మొరిగినప్పుడల్లా టిక్కుమని నొక్కి, "ఊరుకోండి, ఊరుకోండి, ముందిది తినండి" అని కాజా ముక్క పెట్టారు. కుక్కనైనా 'నువ్వు' అనడం ఆయనకి రాదు కదా. నిన్న గుమ్మంలో ఎవరూ లేకపోయినా మఫిన్ వీధిలోకి చూసి మొరిగింది. ఆయన కాజా పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఎవరు ఎవరికి నేర్పారో నువ్వే చెప్పు.

"తప్పు మీదేనండి" అన్నాను. "మీకు ట్రైనింగ్ అంటే ఏం తెలుసండి?" అన్నారు. నేను గట్టిగా అరవను కాబట్టి ఈ ఇంట్లో నా మాట వినిపించదు. నీ మాటైతే వింటారు. వ్యాన్ రాకముందే చెప్పు.

మామ్మ

ఇంకో మాట. ఉరిమితే అది నా మంచం కిందకి దూరి వణుకుతుంది. చెరువు గట్టు మీద ఎవరి మంచం కిందకి దూరుతుంది? ఇది మాత్రం మర్చిపోకుండా, నేను అడిగానని ఆయన్ని అడుగు.