నా నోట్లో పెట్టిన మాట

చిట్టికి, అమ్మ వెయ్యి దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా కులాసాగానే ఉన్నాము. చెయ్యి అలవాటుగా ముగ్గురం అని రాయబోయింది, ఆపుకున్నాను. నువ్వు కూడా జ్వరం తగ్గి, వేళకు తింటున్నావని తలుస్తాను.

ఫోనులో చెప్పరాదా అంటావు. ఫోనులో నువ్వు నా మాట సగంలో అందుకుంటావు, నేను ఏడుపు అందుకుంటాను. కాగితం మీదైతే ఇద్దరం నోరు మూసుకుని ఉంటాము. పోస్టులో వేస్తే ఆదివారం దాటిపోతుందని మీ కాలేజీ మీదుగా వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. అందగానే చదువు. క్లాసు ఉన్నా సరే, ముందు చదువు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ఒక్కొక్కటే చెప్తాను. తింటున్నాను. మీ పెద్దమ్మ ఎదురుగా కూచుని, నేను ఎక్కడ పళ్ళెం పక్కకు నెడతానో అని పోలీసులా చూస్తుంటుంది. కళ్ళు పరవాలేదు. సూదిలో దారం మాత్రం ఆవిడే ఎక్కించి ఇస్తోంది. బడి పిల్లల బట్టలు కుట్టడానికి వచ్చాయి, మిషను మళ్ళీ తీశాను. ఊరికే కూచుంటే గోడలు మీదికి వస్తున్నాయి.

చదువు అయిపోవస్తోంది, ముందు మూడు దారులున్నాయి, ఏది మంచిదమ్మా అని అడిగావు. నాలుగో తరగతి చదివినదాన్ని అడుగుతున్నావని నవ్వొచ్చింది. టీవీలో వార్తలు చదివే పనికి మీ పెద్దమ్మ ఓటు వేసింది. పిల్ల రోజూ కళ్ళ ముందుంటుంది, చూడడానికి బస్సు చార్జీ ఖర్చు లేదు అంటుంది. నేనేమో నీ మొహంలో ఏదీ దాగదు, ఎవరింట్లోనో చావు వార్త చదువుతూ ఏడిస్తే మర్నాడే ఇంటికి పంపేస్తారు అన్నాను.

పెద్ద కంపెనీల గురించి మంచి మాటలు రాసిపెట్టే ఆఫీసు ఉద్యోగం ఉందన్నావు. కుర్చీ, ఫ్యాను, ఒకటో తారీకున జీతం. పోయినేడు అడిగి ఉంటే కళ్ళు మూసుకుని చేరిపొమ్మనేదాన్ని. కానీ అన్నయ్య పోయాక వాళ్ళ కంపెనీ నుంచి ఒక సంతాపం కాగితం వచ్చింది కదా. చక్కగా ఉంది. నీలాగే చదువుకున్న పిల్ల ఎవరో రాసి ఉంటుంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. కానీ అందులో అక్షరం తప్పు లేదు, మన వాడూ లేడు. వాడు గాజు మేడలకు బయట వేలాడుతూ అద్దాలు తుడిచేవాడని కూడా లేదు.

ఇక మూడోది, పత్రిక ఉద్యోగం. నీ మనసు దాని మీదే ఉందని నువ్వు రాయకపోయినా తెలుసు. అన్నయ్య మీద నువ్వు రాసింది ఆదివారం పేపరులో వేస్తే, దాన్ని చూసే నిన్ను తీసుకుంటామన్నారని రాశావు. పేపరాయన ఫోను చేశాడా అని రెండుసార్లు అడిగావు.

చేశాడు. నెమ్మదస్తుడిలా ఉన్నాడు. కూచున్నారా అమ్మా అని అడిగి, కూచున్నానంటేనే మాట మొదలుపెట్టాడు. వాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉందట. ఎవరి మాట పేపరులో వేసినా, వేసేముందు ఆ మనిషికే చదివి వినిపిస్తారట. చదివాడు. "కంపెనీ నా కొడుక్కి బెల్టే ఇవ్వలేదు, ఉత్త నడుముతో ఎక్కించి చంపేసింది, అని ఆ తల్లి గుండెలు బాదుకుంటూ చెప్పింది." ఇది మీరన్న మాటేనా అమ్మా అని అడిగాడు.

చిట్టీ, నేను గుండెలు బాదుకోలేదు. ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. నేను రాయిలా కూచుంటే మీ పెద్దమ్మ నన్ను కుదిపి ఏడిపించాల్సి వచ్చింది. ఆ మాట కూడా నేను అనలేదు. నేను అంటానని నువ్వు అనుకున్నావు. పైగా ఆయన అడిగితే అవునను, ఒక్క మాటేగా, నా బతుకు దాని మీదే ఉంది అని రాశావు.

ఆయనకు నేనేం చెప్పానో రాసేముందు నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. వాళ్ళు బెల్టు ఇచ్చారు. అది మన ఇంట్లో ఉంది.

తాడుకు తగిలించే కొక్కెం దగ్గర కుట్టు ఊడిందని అన్నయ్య దాన్ని సంచిలో పెట్టుకుని తెచ్చాడు. కొత్తది అడిగితే సూపర్‌వైజరు, మీ అమ్మ మిషను కుడుతుందిగా, కుట్టించుకో అన్నాడట. అన్నయ్యకు అదీ వేళాకోళమే. అమ్మా, నీకు కంపెనీ ఆర్డరు వచ్చింది అని నవ్వాడు. ఆ దళసరి పట్టీకి మిషను సూది విరిగింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర లావు సూది అడిగి తెచ్చి చేత్తో మొదలుపెట్టాను. ఒక వైపు అయింది. వాడు పోయిన రోజు పొద్దున, ఇంకో వైపు ఉందిరా అంటే, ఇవాళ కింద బకెట్లు మోసే పనే, తొందర లేదులే అని వెళ్ళాడు.

తర్వాత ఒకరోజు అన్నయ్యతో పనిచేసే, మేడ మీంచి తాడు పట్టే ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. పైన ఎక్కాల్సిన మనిషి ఆ రోజు రాలేదట. మనవాణ్ణి ఎక్కమన్నారట. బెల్టు ఇంట్లో ఉందండీ అంటే, ఒక్క అద్దమేగా, గట్టిగా పట్టుకో అన్నాడట సూపర్‌వైజరు. నేను చెప్పానని ఎవరితోనూ అనకండి అక్కా, నాకూ పిల్లలున్నారు అని వచ్చినంత తొందరగానూ వెళ్ళిపోయాడు.

నీకెందుకు చెప్పలేదంటావు. చెబితే బెల్టు చూపించమంటావు. సగం కుట్టిన ఆ కుట్టు నువ్వు చూడడం నాకు ఇష్టం లేదు. నువ్వేమీ అనవని తెలుసు. నన్ను అనడానికి నేనొక్కదాన్ని చాలు.

నిన్న సాయంత్రం ఆ సూపర్‌వైజరు వచ్చాడు. మీ పెద్దమ్మ కుర్చీ వేసినా కూచోలేదు. కంపెనీ సామాను ఒకటి మీ ఇంట్లో ఉండిపోయింది, ఇచ్చేస్తే మాకూ ఒక పని తెమిలిపోతుంది అన్నాడు. మీ అమ్మాయి రాత పని చదువుతోందటగా, మా ఆఫీసులోనూ అలాంటి పిల్లలు కావాలి, పంపండి, నేను మాట సాయం చేస్తాను అని కూడా అన్నాడు. మీ పెద్దమ్మే అంది, "పిల్లాడు బతికుండగా కొత్తది ఇవ్వడానికి చేతులు రాలేదు. ఇప్పుడు పాతది కావలసొచ్చిందా నాయనా?" ఆయన మొహం మాడ్చుకుని, సోమవారం వస్తాను, తీసి ఉంచండి అని వెళ్ళాడు.

సోమవారం ఎందుకో రాత్రంతా ఆలోచిస్తే అర్థమైంది. పేపరువాళ్ళు కంపెనీని కూడా అడిగి ఉంటారు, అందుకే ఆదివారం పేపరు చూసుకుని వస్తాడు. బెల్టే ఇవ్వలేదని నువ్వు రాస్తావు. కంపెనీ ముద్ర ఉన్న బెల్టు వాళ్ళు పదిమందికీ చూపిస్తారు. నీ పేరు మొదటిసారి అచ్చులో పడేది ఒక అబద్ధం పక్కన. ఆ తర్వాత అన్నయ్య గురించి నువ్వు నిజం రాసినా ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు చెప్తాను. ఆ పేపరాయన అడిగితే నేను అవును బాబూ, నేనన్న మాటే అన్నాను. నా గొంతు వణికితే ఆయన ఏడుస్తున్నానని అనుకుని ఓదార్చాడు కూడా. ఫోను పెట్టేశాక మీ పెద్దమ్మ ఎందుకే అని అడిగింది. పిల్ల బతుకు అక్కా అన్నాను. మరి పోయిన పిల్లాడి చావో అంది. దీపం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అందుకని, ఈ ఉత్తరం చూడగానే ఆయనకు నువ్వే ఫోను చెయ్యి. మా అమ్మ ఆ మాట అనలేదు, నేనే అల్లాను, నా కోసం ఆవిడ ఒప్పుకుంది అని నీ నోటితో చెప్పు. శనివారం పొద్దున దాకా చూస్తాను. అప్పటికీ నువ్వు చెప్పకపోతే నేనే చేసి చెప్తాను. నిన్ను బెదిరించడం లేదు తల్లీ. నాకూ భయంగానే ఉంది, అయినా చేస్తాను.

ఉద్యోగం పోవచ్చు. ఆయన నీ రాత మొత్తం చింపి పారెయ్యొచ్చు. ఆ మనిషి ఏం చేస్తాడో నాకు తెలియదు, తెలిసినట్టు ధైర్యం చెప్పలేను. పోతే టీవీయో, పిల్లలకు చదువు చెప్పడమో చూసుకుందాం. ఏ పని చేసినా నీకు అన్నం పెడుతుంది. అనని మాట ఇంకొకరి నోట్లో పెట్టే పని మాత్రం మనకొద్దు, ఎంత మంచికైనా సరే. తాడు పట్టే ఆయన మాట కూడా ఆయన్ని అడక్కుండా వెయ్యకు. అది నీదీ కాదు, నాదీ కాదు.

బెల్టు ఎవరికీ ఇవ్వను. మిగతా వైపు కుట్టలేదు, కుట్టినది విప్పలేదు. మీ పెద్దమ్మ దాన్ని దిండు కింద పెట్టుకుని, కొక్కెం గుచ్చుకుంటోందని తిట్టుకుంటూనే పడుకుంటోంది. నువ్వు వచ్చి చూడు. ఆ పేపరాయన్నీ వచ్చి చూడమను.

నేను ఏమన్నానని వెయ్యాలో తెలియకపోతే నన్ను అడగాల్సింది. ఇప్పుడు చెప్తున్నాను, ఏడవకుండానే చెప్తున్నాను. ఇలాగే రాయి, ఒక్క మాట కలపకు: "నా కొడుక్కి బెల్టు ఇచ్చారు. దాని కుట్టు ఊడితే నన్ను కుట్టమన్నారు. నేనింకా కుడుతూనే ఉన్నాను, అది నా ఒళ్ళో ఉండగానే వాడు పైకెక్కాడు. ఎవరు ఎక్కమన్నారో వాళ్ళను అడగండి."

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ