రాములవారి బీరువా బేరం

ఏవండీ,

పప్పు పొయ్యి మీదుంది, తినండి. కల్లంలో మిరపకాయలు గోతాలకెత్తించాలి, వెళ్తున్నా.

మీ నాయనమ్మగారి చెక్క బీరువా కొనడానికి విజయవాడ పాతసామాన్ల ఆయన పదకొండింటికి వస్తాడట. మీరు నాకు చెప్పలేదు. మీరు స్నానంలో ఉండగా ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. అందుకే భజన సమాజం ఆడవాళ్లను పదిన్నరకే రమ్మన్నాను. బీరువా తలుపుల మీది పట్టాభిషేకం బొమ్మకు దండ వేశాను, హారతిపళ్లెం పక్కనే పెట్టాను. వాళ్లు పాడుతుండగా ఆయన వచ్చాడంటే, రాములవారిని అమ్మేశానని అందరికీ మీరే చెప్పండి.

జ్యోతిర్మయి

బొమ్మలో హనుమంతుడి కన్ను చిన్నప్పుడు మీరే గోటితో గీకేశారట. నేను కాపురానికొచ్చిన రోజు అత్తయ్య మొట్టమొదట చూపించింది దాన్నే. ఆ కన్నును ఇంకొకళ్లింటికి పంపను.