లిదియాతో ఆఖరి ఆట

తిబిలీసి, 1976 నవంబరు, బుధవారం

నా బంగారు నానూలీ,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. నీ చదరంగం పోటీ జరుగుతున్న బాకూకి వెళ్ళే రైల్లో టీ అందించే త్సియాలా చేతికిస్తున్నాను. చదివి పొయ్యిలో పడెయ్యి.

క్రీడా కమిటీ వాలెరియన్ మళ్ళీ వచ్చాడు. మురబ్బా గిన్నె ఖాళీ చేసి, మీ నాన్న కట్టే వంతెన ఎంతవరకు వచ్చిందని అడిగాడు. వంతెనల మీద అతనికంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో!

"దారెజాన్ గారూ, రేపటి ఆఖరి ఆట డ్రా అయితే మాస్కో లిదియాదే టైటిల్. పైవాళ్ళకు అదే కావాలి. మీ మనవరాలేమో మొదట్లోనే బంట్లు బలిచ్చి మీదపడే రకం. లిదియా ఫ్రెంచ్ రక్షణ ఆడుతుంది. మూడో ఎత్తులో మధ్య బంట్లు మార్చేసుకోమనండి. ఆ ఆరంభంలో ఎవరూ గెలవరు."

"ఆడేది అది. నాతో ఎందుకయ్యా?"

"మీ మాట వింటుంది. వంతెనలో సిమెంటు తగ్గిందని మీ అబ్బాయి ఓతార్ మీద ఫిర్యాదు వచ్చింది. నేనే ఆపి ఉంచాను."

మీ నాన్న చెంచాడు సిమెంటు కూడా ముట్టడని నాకు తెలుసు, వాలెరియన్‌కూ తెలుసు. నా భయం అదే. నిన్నెప్పుడూ తగ్గి ఆడమనలేదు. ఇప్పుడంటున్నాను: బంట్లు మార్చుకో, చేయి కలిపి వచ్చెయ్యి.

నీ నానమ్మ
దారెజాన్

శనివారం

మొండిఘటమా,

పేపర్లో ఆట మొత్తం వేశారు. చెప్పినట్టే బంట్లు మార్చుకున్నావు. ఆ తర్వాత, ఏమీ మిగలని ఆ బోర్డు మీద సాయంత్రందాకా లిదియాను పిండి పిండి గెలిచావు. తిట్లు రాద్దామని కూర్చున్నదాన్ని, ఆట మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను.

వాలెరియన్ ఇవాళ కోటు విప్పలేదు.

"మోసం చేశారు."

"మీరు చెప్పిన ఆరంభమే ఆడింది కదయ్యా!"

"ఎవరి పథకం ఇది? ఓతార్‌దేనా?"

పక్కగదిలో మీ నాన్న లేచిన చప్పుడైంది. వచ్చాడంటే అవునంటాడు, నిన్ను కాయడానికి. నా కుర్చీ తలుపుకు అడ్డంగా జరిపి కూర్చున్నాను.

"వాడికి మంత్రికీ బంటుకూ తేడా తెలియదు. నేర్పింది నేను, గెలవమన్నది నేను. రాసుకో."

రాసుకున్నాడు. మంగళవారం నన్ను కమిటీకి విచారణకు రమ్మన్నారు. నా సంగతి తేలేదాకా ఫిర్యాదు కదలదట. పథకం నిజంగా నాదేనా అని తేల్చడానికి, అక్కడ చదరంగం తెలిసినవాణ్ణి కూర్చోబెట్టి నీ ప్రతి ఎత్తుకూ కారణం అడుగుతారు. మిగతావన్నీ నేర్చుకున్నాను. గెలుస్తూ గెలుస్తూ ఆ గుర్రాన్ని మూలకెందుకు తీశావో మాత్రం అంతుపట్టలేదు. రేపటి రైల్లో త్సియాలాతో రాసి పంపు. నువ్వు బయల్దేరకు.

ఆ ఒక్క ఎత్తు తెలియకపోతే, ఈ నేరం నాది కాదని పట్టేస్తారు.

నీ నానమ్మ
దారెజాన్