తెల్లపువ్వా, ఎర్రపువ్వా

అవ్వా, పెనాంగులో ముగ్గురం బాగున్నాం. ఫోనులో చెబితే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను. ఇక్కడ మా కంపెనీ మూసేసి, మమ్మల్ని వేరే దేశాల్లోని వాళ్ళ కంపెనీలకు పంపుతున్నారు. థాయిలాండు పోతామో, వియత్నాం పోతామో వచ్చే నెలాఖరుకు చెప్పాలి. "బ్యాంకాకులో మనోళ్ళుండారు" అంటుంది నా భార్య భవ్య. నాకేమో వియత్నాంలో పని నయం. ఇద్దరికీ మాటల్లేవు. నిన్న బడిలో టీచరు మీది ఏ దేశమని అడిగితే, పాప "మా నాయన ఇంకా తేల్చలేదు" అన్నదట.

శనివారం పెంచలస్వామి పటం ముందు పూలపొట్లాలు వేసి, చంటిబిడ్డ చేత ఒకటి తీయించు. థాయిలాండుకు తెల్లపువ్వు, వియత్నాంకు ఎర్రపువ్వు.

బోరులో నీళ్ళు పడినాయా, అట్లనే ఎండి ఉండాదా? బర్రె ఈనిందా? చిన్నాయనకు నమస్కారాలు.

నీ సంగతి నాకు తెలుసు. మన సీతారామపురం పేరున మూడో పొట్లంలో పచ్చబంతి కడతావు. కట్టొద్దవ్వా. అదే వస్తే నేను ఇక్కడ ఉండలేను, అక్కడ బతకలేను.

నీ మనవడు పెంచలప్రసాద్