జూనిపర్ చెవులు

ఆర్విల్,

నామీద కోపంగా ఉన్నావని తెలుసు. నిన్న కాఫీ బండి దగ్గర వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా నేను తిరగలేదట. "తెరమీద పాతికసార్లు చచ్చాడో లేదో, అప్పుడే కళ్ళు నెత్తికెక్కాయి దొరగారికి!" అన్నావట. మేకప్ వేసే రోస్కో ఎదురుగా కూర్చుని చెబుతుంటే పెదాలు చూసి తెలుసుకున్నాను.

అవును, పెదాలు చూసే. ఇన్నేళ్ళు చెవి పక్కన ఉత్తుత్తి తూటాలు పేల్చుకున్నందుకు మిగిలింది ఇదే. ఎదురుపడి చెబుదామంటే నా గొంతు ఎంత పెద్దదవుతుందో నాకే తెలియదు. డైరెక్టరు చెవిన పడితే ఈ పూటే ఇంటికి పంపిస్తాడు. హీరో చేతిలో చావడానికి కుర్రవాళ్ళు బోలెడంతమంది కాచుకుని ఉన్నారు.

"యాక్షన్" అన్న మాట నేను విని ఎన్నాళ్ళో అయింది. నా గుర్రం జూనిపర్‌కి వినబడుతుంది. దాని చెవులు నిక్కగానే కళ్ళెం వదులుతాను. "కట్" అనగానే అదే ఆగుతుంది. ఇంతవరకూ ఎవరూ పసిగట్టలేదు.

రేపు విలన్ ముఠాకి నల్ల గుర్రాలే కావాలన్నాడట డైరెక్టరు. గుర్రాలు పంచేవాడివి నువ్వే కదా, నాకు కొత్తదాన్ని ఇవ్వకు. లోయ మలుపులో ఆరు గుర్రాల బండి నా వెనకే దూసుకొస్తుంది. కేక వినగానే పక్కకు తప్పుకోవాలి. నల్లరంగు పూసైనా సరే, జూనిపర్‌నే ఇవ్వు.

ఇంకొకటి. ఆ దుమ్ములో నేను తప్పుకోవడం ఆలస్యమైతే నన్ను కేకెయ్యకు. దాన్ని పేరుపెట్టి పిలువు.