సోమవారం సొమ్ము, కొమ్ము ముద్ర

తాయ్‌చుంగ్, మార్చి 3

పూజనీయులైన యూ-లాన్ అత్తకు మేనల్లుడు పో-షున్ సాష్టాంగపడి వ్రాయునది.

ఈ ఉత్తరం మోసిన పోస్ట్‌మ్యాన్ భుజానికీ, కాగితమైపోయిన చెట్టుకీ, సోయాపాలు పొంగే వేళ దీన్ని చదవాల్సొచ్చిన మీ కళ్లకీ ముందుగా శతకోటి క్షమాపణలు. నేను ఏ తప్పూ చేయలేదు గనక ఇంత మనస్ఫూర్తిగా చెప్పగలుగుతున్నాను.

"నీ గొంతుతో దొంగలు ఫోన్లు చేస్తున్నారు, ఎర్ర ముద్ర వేసిన ఉత్తరమైతేనే నమ్ముతా" అన్నారు మీరు. అందుకే ముద్ర వేసి మరీ జవాబు.

ప్రతి సోమవారం మీ పాస్‌బుక్కులో పడేది దొంగల డబ్బు కాదు, నా రిబేటు. ఆన్‌లైన్ పోకర్ టోర్నీకి వెయ్యినూరు కడితే, వెయ్యి బహుమతుల్లోకి పోతుంది. నూరు ఆడించేవాళ్ల ఫీజు. ఆ నూరులో ముప్ఫై, గెలిచినా ఓడినా, వారం తిరిగేసరికి ఆటగాడికి వెనక్కిస్తారు. నా ఖాతా మూతపడిందని మీది ఇచ్చాను. అంతే.

నాన్నకి మాత్రం చెప్పకండి. చింగ్‌మింగ్ పండుగ నాడు తాతయ్య సమాధి కడిగేటప్పుడు "ఉద్యోగమేదిరా?" అని అడుగుతాడట. లేదంటే జీవితాంతం మీ కొట్లో పెనం ముందు నిలబెడతాడట.

ఇట్లు,
విధేయుడు పో-షున్ (ఎర్ర ముద్ర)

తా.క.: నేను అచ్చు వేయించిచ్చిన గుడ్డట్టు పొట్లం కాగితాలు బాగున్నాయా?


చియాయీ, మార్చి 8

ఒరేయ్ పో-షున్,

దీవెనలు తర్వాత. ముందు సంగతి తేల్చు.

మీ మామయ్య బతికుండగా పదిహేనేళ్లు మేడ మీద మాజాంగ్ బల్ల నడిపాను. ఆటకింత అని బల్లరుసుము తీసుకున్నాను. ఒక్కడికైనా తిరిగిచ్చానా? బాగా ఓడినవాడికి నూడుల్స్ పెట్టాను, అదీ గుడ్డు లేకుండా. తీసుకున్న రుసుము వెనక్కిచ్చేవాడు ఎవడైనా సరే, వాడు దొంగే.

ఇంకోటి. పోయిన నెల జ్వరంతో వారం రోజులు మంచం దిగలేదన్నావు. ఆ వారానికే అన్నిటికంటే ఎక్కువ పడింది. జ్వరానికి కూడా రిబేటు ఇస్తున్నారా?

ఇట్లు,
మీ అత్త యూ-లాన్

తా.క.: కొత్త సంవత్సరం నుంచీ, సంతకం బదులు వేసే నా పేరు చెక్కిన కొమ్ము ముద్ర కనపడటం లేదు. టోఫూ అమ్మే లాయ్ మీద అనుమానంగా ఉంది. ఈమధ్య నన్ను చూసి ఊరికే నవ్వుతున్నాడు.


తాయ్‌చుంగ్, మార్చి 12

పూజనీయులైన అత్తకు,

రిబేటు దానం కాదు, ఎర. నూరూ ఉంచుకుంటే నేను ఇంకో చోటికి పోతాను. ముప్ఫై ఇచ్చి డెబ్బై ఉంచుకుంటే అక్కడే పడి ఉంటాను. మీరు తొమ్మిది గ్లాసుల సోయాపాలు తాగినవాడికి పదోది ఊరికే పోస్తారు కదా? మిమ్మల్నెవరైనా దొంగ అన్నారా?

జ్వరం వారానిది పాత బకాయి. అక్కడి గుమాస్తాకి కూడా జ్వరమొచ్చిందట.

ఇట్లు,
నిర్దోషి పో-షున్ (ఎర్ర ముద్ర)

తా.క.: లాయ్ మంచివాడు. ముద్ర గురించి ఆయన్ని అడగొద్దు. అసలు ఎవర్నీ అడగొద్దు.


చియాయీ, మార్చి 17

పో-షున్,

అడిగాను. అట్లకాడ చేత్తో పట్టుకునే అడిగాను.

వాడు వంగి దండం పెట్టి, "అక్కగారూ, ఈ వారం నా రిబేటు తక్కువ పడిందేం? పైవాళ్లకి మీరొక్క మాట చెప్పాలి" అన్నాడు. వెనకాల టాక్సీ హువాంగ్ "నాదీ చూడండక్కా, మీ మనుషులమే కదా" అన్నాడు. ఇద్దరూ అట్టు తినేసి, పొట్లం కాగితాన్ని మడిచి జేబులో దాచుకున్నారు. నూనె కాగితం ఎవడైనా దాచుకుంటాడట్రా?

నాకు అర్థమైంది. ముఠా నా కొట్లోనే ఉంది. నువ్వు దాని తోకవి. తలకాయ ఎవరో చెప్పు. లేకపోతే శనివారం మీ నాన్నని వెంటబెట్టుకుని బస్సెక్కుతున్నాను.

ఇట్లు,
యూ-లాన్

తా.క.: ఆ సొమ్ము పైసా ముట్టలేదు. సోమవారం కోసం ఎదురుచూడటం మాత్రం అలవాటైపోయింది. ఆ పాపం కూడా నీదే.


తాయ్‌చుంగ్, మార్చి 19

అత్తా,

బస్సెక్కకండి. తలకాయ చియాయీలోనే ఉంది. ఈ ఉత్తరం చదువుతోంది.

ఆటగాడికి ముప్ఫై వెనక్కొస్తుంది, అది నిజమే. ఆ ఆటగాణ్ణి తీసుకొచ్చి చేర్చినవాళ్లకి ఇంకో పది ఇస్తారు, అది చెప్పలేదు. ఆ పది కూడా నేనే నొక్కేద్దామనుకున్నాను. కానీ నన్ను నేనే చేర్చుకున్నానంటే వాళ్లొప్పుకోరు. అందుకని చేర్చినవాళ్ల గడిలో మీ పేరు, మీ ఖాతా రాశాను. పొట్లాల అడుగున మీ కొట్టు పేరు కింద, చేరేవాళ్లు చెప్పాల్సిన మీ నంబరు వేయించాను. లాయ్ చేరాడు. హువాంగ్ చేరాడు. పొద్దున్నే మీ గుడ్డట్టు తినేవాళ్లలో నలభై ఒక్కమంది చేరారు. కాగితం దాచుకునేది పక్కవాడికి నంబరు చూపించడానికి.

నేను మాత్రం రెండో వారానికే ఓడిపోయి మానేశాను. ఫీజే కట్టనివాడికి రిబేటెక్కడిది? సోమవారం పడేదంతా మీ బల్లరుసుమే అత్తా. ఈసారి నూడుల్స్ ఖర్చు కూడా లేదు.

చింగ్‌మింగ్ నాడు నాన్న అడిగితే "అత్త దగ్గర ఉద్యోగం" అంటాను. మీరు ఔనంటే పొట్లాలు అచ్చు వేయిస్తాను. కాదంటే పెనం ముందు నిలబడతాను. ఏదైనా మీ దగ్గరే కదా, అబద్ధం కాదు.

ఇట్లు,
మీ తోక, పో-షున్ (ఎర్ర ముద్ర)

తా.క.: కళ్లద్దాలు పెట్టుకుని నా మూడు ఉత్తరాల కింది ముద్ర ఒకసారి చదవండి. అందులో ఉన్న పేరు నాది కాదు, మీది. మిగతాదంతా పొట్లాలూ, లాయ్ నోరూ, మీ గుడ్డట్టు రుచీ చేసిన పని. నేను నిజంగా చేసింది ఒక్కటే: కొత్త సంవత్సరం నాడు మీరు పిండి కలుపుతుంటే, ఆ గడి పక్కన మీ సంతకంగా వేయడానికి మీ గల్లాపెట్టె అరలోంచి ఈ కొమ్ము ముద్ర తీశాను. ఈ ఉత్తరంతో పాటే తిప్పి పంపుతున్నాను. శుభ్రంగా తుడిచాను.