హెల్మెట్ తియ్యకుండ మిర్చీలు తినే మనిషి

ఏమయ్యా,

నువ్వు పోయినంక మళ్ల నాచారం బడికే పోతున్న. ఇయ్యాల ఐదో తరగతికి ఇంగ్లీషుల ‘హూ’ పెట్టి, ‘ఫలానా పని జేసే మనిషి’ అన్నట్టు రెండు వాక్యాలు కలుపుడు నేర్పిన. పిల్లలకు ఎక్కలే. గప్పుడు నువ్వే యాదికొచ్చినవ్. మొగని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతదని మా అమ్మ భయపెట్టిందాయె. ఉప్పల్ బస్టాండ్ల నువ్వు తప్పిపోతే గూడ, ‘హెల్మెట్ తియ్యకుండ మిర్చీలు తినే ఆయనను సూసిన్రా’ అని అందర్ని అడిగిన గదా!

పిల్లలకు గదే చెప్పిన. నెత్తి మీద కండ్లద్దాలు పెట్టుకొని ఇల్లంత దేవులాడే మనిషి అని గూడ చెప్పిన. పడి పడి నవ్విన్రు. ‘మా నానమ్మ టీవీతోని కొట్లాడే మనిషి’ అన్నడొకడు. వెనక బెంచీల సిరి లేసింది.

“టీచర్, గా హెల్మెట్ సార్ పేరేంది?”

ఇంక తగ్గేటందుకు ఆయుష్షేది అనుకున్న గని, అలవాటు పాడుగాను, నోరు రాలే. చాక్‌పీస్ పట్టుకొని బోర్డు మీద రాసిన. క్లాసంత ఒక్కపాలే గట్టిగ చదివిన్రు. ఏమైందోనని పక్క క్లాసు సారు ఉరికొచ్చిండు.

‘ఒక్కసారన్న పేరు పెట్టి పిలువవే’ అని మస్తు సతాయించేటోనివి గదా. పిలిపించిన. ఇనవడ్డదా?